తనాబే సారు సగం క్రాపు

బక్కన్నకు ఇంగ్లీషు వచ్చు. తమ్ముడు సాయిలుకు జపాను భాష వచ్చు. వీళ్ళిద్దరికీ ఉన్నంత తెలివి జిల్లాలో ఇంకెవరికీ లేదని బక్కన్న పెళ్ళాం నర్సవ్వ వాడకట్టంతా చెప్పుకునేది.

వాళ్ళ ఊళ్ళో తనాబే అనే జపాను ఆయన కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆయనకు జపాను మాట తప్ప ఇంకోటి రాదు. అందుకని మేనేజరు వామన్‌రావు అన్నదమ్ములిద్దర్నీ పనిలో పెట్టుకున్నాడు.

"సారుకు చెప్పేటప్పుడు ఒక్క ముక్క కూడా ఇంగ్లీషులో మిగలొద్దు!" అని హెచ్చరించి, పనిమీద హైదరాబాదు పోయాడు.

ఆ రోజే ఉత్తరం వచ్చింది. లండన్ నుంచి మిస్టర్ బార్బర్ రేపు పదింటికి వస్తారని అందులో ఉంది. ఆ దొర మిషన్లు కొంటేనే ఫ్యాక్టరీ నిలబడేది.

"బార్బరంటే ఏందే అన్నా?" అన్నాడు సాయిలు.

"జుట్టు కత్తిరించేటోడురా."

"గట్లయితే జపానుల తొకోయ!"

అంతే, లండన్ నుంచి తొకోయ వస్తున్నాడని సారుకు చెప్పేశాడు.

"నా క్రాపు కోసం లండన్ నుంచి మనిషా!" అని సారు పొంగిపోయాడు. తెల్లారి తలంటుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో తయారుగా కూర్చున్నాడు.

బార్బర్ దొర కోటూ బూటూ వేసుకుని దిగాడు. సారు తన తల చూపిస్తూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాడు దొర.

సాయిలు అన్నకు చెప్పాడు, బక్కన్న దొరకు చెప్పాడు: "ఎనక పొట్టిగ కొట్టి, చెవుల మీద జర ఉంచుమంటున్నరు."

దొర బిత్తరపోయాడు. కానీ మర్యాదస్తుడు. బేరానికి ముందు ఇక్కడ ఇదొక ఆచారం కాబోలు అనుకుని, "కత్తెర ఉందా?" అన్నాడు.

ఇంకేముంది! దొరను చూడ్డానికి వచ్చిన నర్సవ్వ ఇంటికి ఉరికి, గొర్రెబొచ్చు కోసే కత్తెర తెచ్చింది.

"గట్టిగ పట్టుకో దొరా, కదిలితే చెవి తెగుతది!" అంది.

దొర కత్తెర ఆడించాడు. కరకరమని ఎడమపక్కంతా గుండైపోయింది. సారు అద్దం చూసుకుని పెట్టిన కేకకు, దొర కత్తెర పారేసి స్టేషనుకు లగెత్తాడు.

అప్పుడే హైదరాబాదు నుంచి దిగిన వామన్‌రావు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి మీ తెలివి తగలెయ్య! బార్బరనేది ఆయన ఇంటిపేరు! ఇకమీదట బార్బరంటే ఆ దొర, ఇంకెవడూ కాదు. తెలిసిందా?"

"గట్లనే సార్," అన్నారు ఇద్దరూ బుద్ధిగా.

లోపల తనాబే సారు తువ్వాలుతో సగం తల కప్పుకుని ఏడుపుగొంతుతో ఏదో అన్నాడు.

"తొకోయను జల్ది పిలుసుకరమ్మంటున్నడే," అన్నాడు సాయిలు.

"తొకోయంటే బార్బర్. బార్బరంటే ఎవరు? ఇప్పుడే గద చెప్పిండు మేనేజరు సారు!" అన్నాడు బక్కన్న.

అంతే, అన్నదమ్ములూ నర్సవ్వా ముగ్గురూ ఆటో ఎక్కారు. కదలబోతున్న రైల్లోంచి దొరను రెక్కలు పట్టి దించారు. నర్సవ్వ ఆయన చేతిలో కత్తెర పెట్టింది.

"ఎట్ల పోతవు దొరా? కుడిపక్క అట్లనే ఉన్నది!"