పల్లాన ఉన్న కార్బురేటరు

గవర్రాజు మేస్త్రిగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. తణుకులో సగం మంది మెకానిక్కులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే గనుక ఈ సంగతి ఎరగనివారు లేరు. అయినా కష్టం వస్తే ఆయన దగ్గరికే పోతారు.

బుల్లియ్యా అలాగే వెళ్ళాడు. అతనూ తమ్ముడు గంగరాజూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే కొట్లో మోటారుసైకిళ్ళు బాగుచేస్తున్నారు. ఇద్దరూ మేస్త్రిగారి శిష్యులే. ఇప్పుడు కొట్టు మధ్య గోడ కట్టి విడిపోదామని బుల్లియ్య నిశ్చయించాడు. ఇటుకలు కూడా దిగాయి. గంగరాజు వాటిని తనే వరసగా పేర్చాడు. ఆ వరస కనబడినప్పుడల్లా బుల్లియ్య మొహం పక్కకి తిప్పుకునేవాడు. గురువుగారు ఒక్కసారి సరే అంటే మనసు కుదుటపడుతుందని అతని ఆశ.

“వాడితో ఇంక నావల్ల కాదండి. వచ్చినోళ్ళందరితోనూ తగువే. మొన్న స్కూలు మేష్టారి మీదకి పానా ఎత్తేడండి. నన్నైతే ఇన్నేళ్ళలో ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఇలాటోణ్ణి ఎన్నాళ్ళని భరించమంటారు?”

అందులో అబద్ధమేమీ లేదు. బుల్లియ్య మాట వెన్న. గంగరాజుకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మేస్త్రిగారు విన్నారో లేదో గాని, శిష్యుడు ఎక్కి వచ్చిన బండి వైపు చూస్తున్నారు. అది పాతకాలపు జోడు సిలిండర్ల బండి. ఇంజను వెనకాల రెండు కార్బురేటర్లు పక్కపక్కనే ఉంటాయి. కుడిదాని అడుగున పెట్రోలు చుక్క వేలాడుతోంది.

“ఎన్నాళ్ళ నించిరా అది?”

“మూణ్ణెల్లండి. ప్యాకింగు మూడుసార్లు మార్చేను. దిక్కుమాలింది, ఎంత బిగించినా ఆగదు.”

“ముందు దాని సంగతి చూడు.”

బుల్లియ్య అలవాటుగా గుడ్డతో తడి తుడిచి స్క్రూలు బిగించబోయాడు. మేస్త్రిగారు స్క్రూడ్రైవరు లాక్కుని అతని చేతిలో సుద్దపొడి పోశారు. కార్బురేటర్లు రెంటినీ శుభ్రంగా ఆరనిచ్చి, పైనించి కింది దాకా పొడి చల్లి, పెట్రోలు ట్యాపు తిప్పి, ఇంక దేన్నీ ముట్టకుండా కూర్చోవాలి. ఆయన పద్ధతి అది. అందులో కూర్చోవడమే కష్టం. పానా పట్టిన చేతులకు అంతకు మించిన శిక్ష లేదు.

పావుగంటకు ఎడమ కార్బురేటరు నెత్తిన, పెట్రోలు గొట్టం తొడిగిన చోట, సుద్ద నల్లబడింది. తడి అక్కణ్ణించి దిగి, రెంటినీ కలుపుతూ కాస్త కుడికి వాలిన రేకు వెంట జారి, కుడిదాని అడుక్కి చేరి చుక్కయింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. పెట్రోలుకూ పల్లం బాగానే తెలుసు. రోజూ తను చూడకుండానే తుడిచేసిన తడిలోనే ఈ దారంతా ఉందని తెలిసి బుల్లియ్యకు సిగ్గేసింది.

“అయితే కుడిదాని తప్పేం లేదాండి?”

“దాని తప్పల్లా పల్లాన ఉండటమే.”

బుల్లియ్య నవ్వి, గొట్టం మార్చి, చేతులు తుడుచుకున్నాడు. గోడ సంగతి మళ్ళీ ఎత్తబోయేసరికి అతని జేబులో ఫోను మోగింది.

“ఆయ్, అయిపోవచ్చిందండి! సాయంత్రం వచ్చి తీసుకెళ్ళిపోండి. నేనుండను గానీ, మా తమ్ముడుంటాడు లెండి.” ఎంతో తీయగా చెప్పి పెట్టేశాడు.

“ఏ బండిరా?” అన్నారు మేస్త్రిగారు.

“రైసుమిల్లు గుమస్తాగారిదండి. ఇంకా ఇంజను ఇప్పనేలేదు. అవలేదంటే పాపం నొచ్చుకుంటారని…”

రోజూ నలుగురైదుగురికి అతను చెప్పే మాటే అది. చెప్పి, వాళ్ళు వచ్చే వేళకు సామాన్లు తెస్తానని బజారుకు పోవడమూ రోజూ ఉన్నదే. బుల్లియ్య కళ్ళు సుద్ద మీది తడి దారి వెంట ఎడమ నించి కుడికి వెళ్ళాయి.

మేస్త్రిగారు తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నారు: “సాయంత్రం కొట్లో ఉండేది గంగరాజేగా, పాపం.”