దిగని డ్యూటీ

బొబ్బిలికి ఆవల ఒక కరెంటు సబ్‌స్టేషన్లో గవరయ్య అనే ఆపరేటరు ఉండేవాడు. ఆయన డ్యూటీ దిగినా డ్యూటీ ఆయన బుర్రలోంచి దిగేది కాదు. అన్నం తింటూ సబ్‌స్టేషన్‌కి ఫోను చేసేవాడు. పడుకుని కూడా ఊళ్ళకు కరెంటు మోసే ఫీడర్లలో ఏది ఆగిందో, ఏది నడుస్తోందో వల్లించుకునేవాడు. లైన్‌మన్లకు కూడా అదే అలవాటైంది. డ్యూటీలో ఎవరున్నా ముందు గవరయ్యకే ఫోను చేసేవాళ్ళు, ఆయనైతే తప్పకుండా ఎత్తుతాడని.

రెండేళ్ళుగా సెలవే లేని ఆయనకు మూడు రోజులు సెలవు దొరికింది. భార్య పైడమ్మ ఎప్పటినుంచో అడుగుతున్న భీమిలికి తీసుకెళ్ళాడు. ఆమె ఇసుకలో చాప పరిచి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“ఏటయ్యా, సముద్రం ఎలాగుంది?” అని అడిగింది.

గవరయ్య రోడ్డు వైపు తల తిప్పి ఉన్నాడు. “ఆ మూడో పోలు మీద ఇన్సులేటరు పగిలింది, చూశావా?” అన్నాడు.

పైడమ్మ ముఖం సముద్రం వైపు తిప్పేసుకుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ ఇలా మధ్యలో మాట ఆపేస్తూనే ఉంది.

పదకొండు గంటలకు గవరయ్య సబ్‌స్టేషన్‌కి ఫోను చేశాడు. అది అప్పటికి నాలుగోసారి. డ్యూటీలో ఉన్న హైమావతి కొత్తగా చేరిన ఆపరేటరు.

“రెండో ఫీడరు ఎందుకింకా ఆపి ఉంచావు?”

“లైన్‌మన్ తవుడు ఎల్‌సీ తీసుకున్నాడు బాబాయ్.”

లైన్‌మన్ పోలు ఎక్కే ముందు ఆ లైనులో కరెంటు ఆపించి పుస్తకంలో సంతకం పెడతాడు. దాన్నే ఎల్‌సీ అంటారు. అతనే దిగివచ్చి “పనయింది” అని చెప్పేవరకు ఆ స్విచ్చిని ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నియమాన్ని హైమావతికి నేర్పింది గవరయ్యే.

“తవుడు నాకు ఫోను చేశాడమ్మా. పనైపోయిందన్నాడు. ఇచ్చెయ్ కరెంటు,” అన్నాడు గవరయ్య.

తవుడు ఫోను చేసిన మాట నిజమే. కానీ చేసింది ముందు రోజు, వేరే పని గురించి. సెలవుకీ డ్యూటీకీ తేడా లేని మనిషికి నిన్నకీ ఇవాళ్టికీ తేడా తెలియలేదు.

“తవుడు నాతో చెప్పాలి కదా బాబాయ్?”

“ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది! నిన్నగాక మొన్న వచ్చి నాకే నేర్పుతున్నావా? ఊళ్ళో జనం నన్ను తిడతారు. వెయ్యి స్విచ్చి!”

హైమావతి ఫోను పెట్టేసింది. పెద్దాయన మాట కాదన్నందుకు భయపడుతూనే తవుడికి మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది. అతను ఎత్తలేదు. స్విచ్చి వైపు చూసింది గాని, ముట్టుకోలేదు. పావుగంట తర్వాత తవుడే తిరిగి చేశాడు.

“ఏటమ్మా, అన్నిసార్లు చేశావు? పోలు మీదున్నాను. ఇందాక రెండు చేతులూ తీగ మీదున్నాయి, ఎలా ఎత్తేది?”

ఆమె ఫోను చేసి ఆ మాటలే గవరయ్యకు చెప్పింది. “సెలవు అయ్యేదాకా ఫోను చెయ్యకండి బాబాయ్. చేసినా నేను ఎత్తను,” అని కూడా అంది.

గవరయ్య చాప మీద కూలబడ్డాడు. అది చూసి పైడమ్మ కంగారు పడింది.

“ఎవరికేటయింది?”

“ఏమీ కాలేదు. అయ్యుండేది. నా నోటితో నేనే తవుణ్ణి చంపేసి ఉండేవాణ్ణి,” అని జరిగింది చెప్పాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. “పద, వెళ్ళిపోదాం. నేను అక్కడ ఉండాలి.”

“ఎందుకు?” అంది పైడమ్మ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. “అక్కడ మనసు పెట్టి కూర్చున్న పిల్ల ఉండబట్టే తవుడు బతికాడు. మీరు ఇక్కడా లేరు, అక్కడా లేరు. ముందు ఒకచోట ఉండడం నేర్చుకోండి.”

గవరయ్య మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళు అలసటతో మూతలు పడుతున్నాయి. ఆ అలసట ఎన్నేళ్ళదో ఆయనకే తెలియదు.

పిల్లలూ, పెద్దలూ గుర్తుంచుకోవలసింది ఇదే: విశ్రాంతి వేళ పనిని మనసులోంచి దించనివాడు ఇంటికి దక్కడు సరికదా, చివరికి ఆ పనికే ప్రమాదం తెస్తాడు.