గవరమ్మ మూర

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా నాయనమ్మనడిగితే "నాకు తెలిస్తే చెప్పనా" అని కసురుకునేది. ఆ రోజుల్లో ఒక ఊళ్లో జమీందార్ల నాటి రాతిబడి ఒకటుండేది. గోడలు చూస్తే కోట గోడలే. ఏళ్ల తరబడి మూతపడి గబ్బిలాల పాలైంది.

ఆ బడికి సౌదామిని పంతులమ్మ వచ్చింది. ఇప్పుడు మాంటిసోరీ అంటున్నారే, ఆ రకం చదువు చెబుతానంది. పాత బడి బాగుచేసి, పక్కన ఇంకో రెండు గదులు కట్టమంది. పిల్లలు ఎవర్నీ బతిమాలకుండా తమ పని తామే చేసుకోవాలట. అందుకని కూర్చునే గట్టు మూర ఎత్తు, అరలు రెండు మూరలు, తలుపు గడియ మూడు మూరలు ఉండాలని అంకయ్య మేస్త్రికి చెప్పి, చెక్క అక్షరాలూ పూసలూ తేవడానికి పట్నం వెళ్లింది.

అక్కడ సున్నం తట్టలు మోసేది గవరమ్మ. మనిషి కురచ, చెయ్యి మరీ కురచ. తోటి కూలీలు ఆటపట్టించని రోజు లేదు. పాపం, నవ్వి ఊరుకునేది. చిన్నప్పుడు వాళ్లమ్మ తల దువ్వి ఈ బడికే పంపింది. అప్పటి గడియ ఎక్కడో ఆకాశంలో ఉండేది. అందలేదు. తలుపు కొట్టింది. లోపల ఎక్కాల గోలలో ఎవరికీ వినబడలేదు. ఇంటికెళ్లిపోయింది. అంతే ఆవిడ చదువు. అందుకే ఈసారి ఒక్క పిల్ల కూడా ఈ గడప దగ్గర్నుంచి వెనక్కి పోకూడదని ఆవిడ పంతం. కూలిమనిషికి పంతమేమిటంటారా? నోరుమూసుకుని వినండి మరి.

అంకయ్య తాడిచెట్టంత మనిషి. మొదట తన మోచెయ్యి పెట్టి కొలిచి గట్టు కట్టాడు. గవరమ్మ ఎక్కి కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడాయి.

"ఎవరి మూర, మేస్త్రిగారూ?" అంది.

"మూరంటే మూరే," అన్నాడు. వాళ్ల తాత కొలిచినట్టే నాన్న కొలిచాడు, నాన్న కొలిచినట్టే ఈయనా కొలిచాడు. ఆయన తప్పూ లేదు లెండి.

తరవాత అరలు పెట్టాడు. గవరమ్మ మోకాళ్ల మీద నిలబడి, పసిపిల్లంత ఎత్తయి చూసింది. అర మీదేముందో కనబడలేదు.

"ఎవరి మూర, మేస్త్రిగారూ?"

"మూరంటే మూరే. ఇంకోసారి నోరెత్తావంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆ తరవాత గడియ బిగించాడు. గవరమ్మకి నోటిదాకా వచ్చింది, మింగేసింది. పని పోతే పొయ్యి వెలగదు మరి.

మర్నాడు బడి ఎలా ఉందో చూద్దామని ఒక నాలుగేళ్ల పిల్ల ఒక్కతే వచ్చింది. మునివేళ్ల మీద లేచింది. ఎగిరింది. మళ్లీ ఎగిరింది. అందలేదు. అటూ ఇటూ చూసి, మెట్లు దిగి వెళ్లిపోతోంది.

గవరమ్మ ప్రాణం ఉసూరుమంది. తట్ట అక్కడే పడేసి పరిగెత్తింది. పిల్లని చంకనేసుకుని వచ్చి మేస్త్రి ఎదుట నిలబడింది. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఎవరి మూర, మేస్త్రిగారూ? నేనూ ఇలాగే ఎనక్కెళ్లిపోయాను బాబూ. మళ్లీ రాలేదు."

అంకయ్య ఆ పిల్ల వంక చూశాడు. తన మోచేతిని తనే చూసుకున్నాడు.

"నీ చెయ్యి చాపమ్మా," అన్నాడు. అన్నాళ్లలో ఆవిణ్ణి అమ్మా అని పిలవడం అదే మొదలు.

మోచేతి నుంచి వేలి కొసదాకా వెదురుకర్ర పెట్టి, సరిగ్గా ఆ కొలతకి కర్రని కోశాడు. గట్టు పగలగొట్టి మళ్లీ కట్టాడు. అరలు దించాడు. గడియ దించాడు. అన్నీ ఆ కర్రతోనే. పంతులమ్మ తిరిగొచ్చి, ఎంత కుదురుగా కొలిచావయ్యా అని మెచ్చుకుంటే, నేను కాదమ్మా, అని గవరమ్మని చూపించాడు. గవరమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

ఆ ఏడు వానల్లోనే జ్వరమొచ్చి గవరమ్మ పోయింది. ఆవిడకి ఫోటో లేదు. సంతకమంటారా, అసలే లేదు.

ఆ చుట్టుపక్కల మేస్త్రులు మాత్రం పిల్లలకేదైనా కట్టాలంటే ఇవాళ్టికీ "గవరమ్మ మూర పట్రా" అంటారు. కర్ర పాతబడితే అదే కొలతకి ఇంకోటి కోసుకుంటారు. ఇక ఏటా బడి తెరిచే రోజున ఆ తలుపు పెద్దవాళ్లు తియ్యరు. కలెక్టరొచ్చినా మెట్ల మీద నిలబడాల్సిందే. అందరికన్నా చిన్నపిల్ల ముందుకెళ్తుంది. గడియ బిగుసుకుందనుకోండి, ఎంత పొద్దెక్కినా ఒక్కరూ చెయ్యి వెయ్యరు. "గవరమ్మ మూరే, నీకందుతుంది, తియ్యమ్మా" అంటూ నిలబడతారు.

తీస్తుంది.