తిప్పక్క చేట

ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, నేను మెల్లగా చెబుతాను. మబ్బులకు ఇంకా దారులు తెలియని కాలంలో, ఎర్ర గుట్టల నడుమ ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో తిప్పక్క అనే కూలిమనిషి ఉండేదట. కళ్ళాల్లో జొన్నలు చెరగడం ఆమె పని. ఆమె చేట ఎత్తితే గాలి కూడా ఆగి చూసేదంటారు.

పంట పండిన ప్రతి యేడూ ఊరంతా కలిసి ఒక పాతర నింపేవాళ్ళు. భూమిలో తవ్విన పెద్ద గొయ్యి అది. కాపులు గంపలతో పోసేవాళ్ళు, కూలోళ్ళు చేటలతో పోసేవాళ్ళు. కరువొస్తే తీసుకుని తిందామని.

కరువొచ్చింది. పాతర తెరిచారు. గింజలు పంచే పాతర పెద్ద కొండప్ప గట్టు మీద కూర్చున్నాడు. కొంగు పట్టి "మీ దయ పెద్దయ్యా" అన్నవాళ్ళకే జొన్నలు పోయించేవాడు. తనతో ఎప్పుడో తగవు పడిన బుడ్డన్నను మాత్రం వట్టి చేతులతో పంపేశాడు.

"దయ నాది. ఇస్తే ఇస్తా, లేకుంటే లేదు" అన్నాడు.

తిప్పక్క ఇంట్లో కోడలు గౌరి పచ్చి బాలింత. పస్తులతో పాలు ఎండిపోయాయి. తిప్పక్క చేట తీసుకుని పాతర దగ్గరికి పోయింది.

"కొంగు పట్టమ్మే" అన్నాడు కొండప్ప.

"భిక్షానికైతే కొంగు పడతారు పెద్దయ్యా. కళ్ళంలో వాటా చేటలో పోస్తారు. నా వాటా పొయ్యి."

"కడుపు ఎండినా నీ నోరు ఎండలేదే."

అందరూ నవ్వారు. తిప్పక్క వట్టి చేటతో ఇంటికొచ్చి ఆకు ఉడకేసింది.

"ఒక్కసారి కొంగు పడితే ఏం పోతాది అత్తా?" అంది గౌరి.

"బుడ్డన్నకు ఎందుకియ్యలేదని ఎవరన్నా అడిగినారా? దయ అంటే అడిగేదానికి లేదు. రేపు నీ బిడ్డకు లేదంటే నువ్వూ అడగలేవు."

గౌరి బిడ్డ మొహం చూసింది.

రెండో రోజూ పోయింది తిప్పక్క. కొండప్ప గొంతు తీపి చేశాడు.

"రెండు చేటలు పోయిస్తా. ఒక్కసారి కొంగు పట్టు."

"రెండొద్దు పెద్దయ్యా. నాకొకటి, బుడ్డన్నకొకటి."

కొండప్ప మొహం తిప్పుకున్నాడు. తిప్పక్క వట్టి చేటతో ఇంటికొచ్చింది.

మూడో రోజు ఆమె గోడ పట్టుకుని లేచింది. అయినా పోయింది. వెనక బిడ్డను చంకనేసుకుని గౌరి వచ్చింది, చేతిలో చేట. బుడ్డన్న వచ్చాడు, చేతిలో చేట. వరసలో నిలబడిన ఆడవాళ్ళు చూశారు. ఒకామె పట్టిన కొంగు వదిలి నడుముకు చుట్టుకుంది. ఇంటికి పోయి చేట తెచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక వరసంతా.

"చేట పట్టినోళ్ళకు గింజ పొయ్యను" అన్నాడు కొండప్ప.

అప్పుడు పాతరలో దిగి గింజలు అందించే మారెన్న, నిచ్చెనెక్కి పైకొచ్చాడు. ఒళ్ళు దులుపుకుని, అతనూ ఒక చేట అడిగి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు పైకొచ్చినావురా?"

"నాకూ వాటా ఉంది పెద్దయ్యా. కొంగు పట్టినోళ్ళకే పోస్తానంటే, నువ్వే దిగి తీసి పొయ్యి."

కొండప్ప పాతర లోపలికి తొంగి చూశాడు. కింద చీకటి, ఊపిరాడని ఉక్క. ఏనాడూ దిగినోడు కాదు. వరసకేసి చూశాడు. ఎవరూ కదల్లేదు.

"దిగరా, పొయ్యి" అన్నాడు చివరికి.

"ఎవరికి?"

"చేట పట్టినోళ్ళకు."

"బుడ్డన్నకు?"

"బుడ్డన్నకూ పొయ్యి."

ఆ సాయంత్రం గౌరి అంబలి తాగింది. మూడోనాటికి బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. వానలు తిరిగొచ్చిన యేడు తిప్పక్క కన్ను మూసింది.

ఇప్పటికీ ఆ గుట్టల్లో పాతర తెరిస్తే, మొదటి చేట పాతర పెద్దతో తగవు పడి మాటల్లేనివాళ్ళదే. పెద్దే లేచి తన చేత్తో పోస్తాడు. పోస్తూ "తిప్పవ్వ వాటా" అంటాడు. తీసుకునేవాళ్ళు దండం పెట్టరు. గింజలు ఒక్కసారి చెరిగి, పొట్టు అక్కడే వదిలి, ఇంటికి పోతారు.