పసుపు లేని గౌరి నోము కథ

బాలెంతలు వీపు గోడకు ఆన్చి కూర్చుండవలెను. తక్కినవారు అక్షతలు చేతపట్టుకొని, నిదుర వచ్చినను ఆవులింత ఆపుకొని వినవలెను. ఈ నోములో గౌరిని పసుపుతో చేయరు, బియ్యపుపిండితో చేయుదురు. ఏల యనగా చెప్పెదను, వినుడు.

పూర్వము శాంతవ్రతుడను ముని తన పర్ణశాల అరుగుపై కూర్చుండియుండగా, కుశధారుడను మరియొక ముని బహుదూరము నడచి వచ్చి, కాళ్లు కడుగుకొని, ఆయన నిట్లడిగెను. "మహాత్మా, భూలోకమంతయు తిరిగి వచ్చితిని. పురిటి తల్లులు భయపడనక్కరలేని చోట గుండెలు బాదుకొనుచున్నారు, భయపడవలసిన చోట ఏమీ కాదులే యని ఊరకున్నారు. ఈ రెంటి నడుమ వారికి కన్ను మూతపడుట లేదు. వారిని చూచి చూచి నాకే ఒళ్లు అలసినది. వారికి దారి చూపు నోము ఏదైన కలదా?"

శాంతవ్రతుడు జరిగి అరుగుపై ఆయనకు చోటిచ్చెను. పిమ్మట, కలదనియు, అది కలియుగమున పసుపు వండువారి ఇంట పుట్టినదనియు పలికి, ఆ కథ చెప్పెను.

కృష్ణాతీరమున మేలుపాక యను ఊరు కలదు. అందు భద్రయ్య యను రైతు తన తాతముత్తాతలవలెనే పసుపు పండించి, ఉడికించి, ఎండబెట్టి బ్రతుకుచుండెను. ఆ ఇంటి గోడలు పసుపు, గడపలు పసుపు, వాకిట పండుకొను కుక్క సైతము పసుపు. భద్రయ్య తల్లి గురవమ్మకు ఆ రంగు అనిన ప్రాణము. ఆ ఇంట బిడ్డ పుట్టినచో ఒళ్లంతయు పచ్చిపసుపు పట్టించి నీళ్లు పోయుదురు. పొత్తిగుడ్డలను పసుపునీట ముంచి ఆరవేయుదురు. పురుడు వెళ్లు పదునొకండవ దినము వరకు పురిటిగది కిటికీ తెరువరు, బాలెంత గడప దాటదు. ఇతరుల ఇండ్లలో చిటికెడు పసుపుతో పోవునది, ఈ ఇంట గంపెడు పట్టును.

భద్రయ్య భార్య చిలకమ్మ తొలికాన్పున ఆడపిల్లను కనెను. మూడవనాటికి బిడ్డ మేను పచ్చగా మెరయుచుండగా, చూడవచ్చినవారు బంగారుబొమ్మ యని మెచ్చుకొనిరి. గురవమ్మ మురిసి బిడ్డకు పైడమ్మ యని పేరు పెట్టెను. గది చీకటి, ఒంటికి పసుపు, గుడ్డలకు పసుపు. ఇక లోపలినుండి వచ్చు పసుపు ఎవరి కంటికి కనబడును?

ఐదవనాడు బిడ్డ పాలు త్రాగుట తగ్గించెను. లేపినను లేవదు, ఆకలికి ఏడ్వదు. చిలకమ్మకు ఏదో తోచి అత్తగారితో మెల్లగా చెప్పెను. గురవమ్మ, ఎందరినో పెంచిన చేయి తనదనియు, ఏడ్వని బిడ్డ దొరకుట పూర్వజన్మ పుణ్యమనియు, పురుడు వెళ్లక గడప దాటినచో ఇల్లంతయు మైలపడుననియు చెప్పెను. పెద్దల మాట చద్దిమూట గదా యని చిలకమ్మ ఊరకుండెను. ఊరకున్నది ఆరు దినములే గాని, దానిని తలచుకొని కుమిలినది నాలుగేండ్లు.

పదునొకండవనాడు పుణ్యాహవచనము జరుగుచుండగా బిడ్డ కీచుగొంతుతో ఏడ్చి, వెన్ను వెనుకకు విరుచుకొనెను. అప్పుడందరును పరుగులెత్తి పట్టణపు ఆస్పత్రికి పోయిరి. అవి పసిబిడ్డల కామెర్లనియు, ముదిరి తలకెక్కినవనియు, ఐదవనాడే తెచ్చియున్నచో ఇంతదూరము రాకపోవుననియు వైద్యురాలు చెప్పెను. ప్రాణము దక్కెను. దక్కినదిగదా యని వారు సంతోషించి ఇల్లు చేరిరి.

పైడమ్మకు రెండేండ్లు నిండిన పిమ్మట, ఒకనాడు వంటింటి గట్టుమీది ఇత్తడి బిందె జారి నాపరాళ్లపై పడెను. ఇల్లంతయు అదిరెను, కుక్క లేచి పారిపోయెను. గుమ్మములో గవ్వలతో ఆడుకొనుచున్న పైడమ్మ తల ఎత్తలేదు. చిలకమ్మ బిందెను ఎత్తి మరల పడవేసెను. అప్పుడును బిడ్డ తల ఎత్తలేదు. గురవమ్మ ఆ బిందెను అటక ఎక్కించెను. ఆ దినము మొదలు ఆమె గొంతు ఆ ఇంట పెద్దగా వినబడలేదు.

తరువాత రెండేండ్లకు చిలకమ్మ ఆస్పత్రిలో మగబిడ్డను కనెను. పాలకు నోరు కాలినవాడు మజ్జిగ సైతము ఊది త్రాగునను సామెత ఆమెయెడ నిజమయ్యెను. బిడ్డ తుమ్మినచో నర్సును పిలుచును. ఎక్కిళ్లు వచ్చినచో పిలుచును. గుక్కెడు పాలు కక్కినను, కాలిమీద పొర లేచినను, నిదురలో పెదవి వణికినను పిలుచును. వారు మొదట నవ్విరి, పిమ్మట విసుగుకొనిరి, తుదకు ఇది ఎన్నవసారి యని మొగమెదుటనే అడిగిరి. చిలకమ్మ సిగ్గుపడెను గాని మానలేదు. కన్నులు మండుచుండెను, నడుము విరిగినట్లుండెను. బిడ్డ నిదురపోవునప్పుడు తాను నిదురపోక వాని ముక్కు క్రింద వేలు పెట్టి ఊపిరి చూచుచు కూర్చుండెను.

ఇంటికి పోవలసిన నాటి ఉదయము, పక్కదుప్పట్లు మార్చు ముసలి ఆయా ఒకతె ఆమె మంచము చివర కూర్చుండి, తన మోకాళ్లు తానే ఒత్తుకొనుచు ఇట్లనెను.

"అమ్మాయ్, దేనికి భయపడాలో తెలీక అన్నిటికీ భయపడతన్నావు. తుమ్మితే తుమ్మనీ. ఎక్కిళ్లొస్తే రానీ. తాగిన పాలు కాస్త కక్కితే మూతి తుడువు. రోజూ పొద్దున్నే వాడ్ని వాకిట్లో ఎలుతురుకి తెచ్చుకో. పసుపూ వద్దు, నలుగూ వద్దు, వట్టి తెల్లగుడ్డ మీద పడుకోబెట్టు. ముక్కు మీద, పొట్ట మీద, కాళ్ల మీద ఏలుతో నొక్కి సూడు. ఏలు తీసినచోట పచ్చగా కనపడితే బయల్దేరు. ఎండ సూపుకే గానీ మందుకి కాదు, గుర్తెట్టుకో."

అంతట చిలకమ్మ, ఇంకేమి చూడవలెనని అడిగెను. పాలకు లేవకపోయినను, నాలుగైదు దినముల బిడ్డ దినమునకు ఆరు గుడ్డలైన తడపకపోయినను, ఒళ్లు కాలినను, చల్లబడినను, ఊపిరికి డొక్కలెగిరినను, బొడ్డు చుట్టు ఎర్రబడినను, మూర్ఛ వచ్చినట్లు కాలుచేతులు కొట్టుకొనినను, వారము వర్జ్యము చూడక రమ్మని ఆమె చెప్పెను. వీనిలో ఏదియు లేనినాడు బిడ్డతోపాటు తానును పండుకొనుమనెను. లేచి దుప్పట్లు చంకన పెట్టుకొని, తలుపుదాక పోయి, మరల తిరిగి ఇట్లనెను.

"సందేహమొస్తే వచ్చి అడుగు. విసుక్కుంటారు. నేనూ విసుక్కుంటా. అయినా రా."

చిలకమ్మ ఇల్లు చేరి ఆ పూట నాలుగేండ్లకు మొదటిసారి గాఢముగా నిదురించెను. మరునాడు బిడ్డకు ఐదవ దినము. తెల్లవారుసరికి గురవమ్మ గిన్నెనిండ పచ్చిపసుపు నూరి సిద్ధముగా ఉండెను. చేతికి అలవాటైన పనిని మనసు వద్దన్నను చేయి చేయునుగదా. చిలకమ్మకు వాదులాడు ఓపిక లేదు. ఒక్క పూట ఆగుమని మాత్రము వేడి, బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి వాకిటికి తెచ్చి, తూర్పు ముఖముగా కూర్చుండెను. ముక్కుమీద నొక్కి చూచెను. కొంచెము పచ్చగా ఉన్నట్లును తోచెను, లేనట్లును తోచెను. తెల్లవారుజాము మొదలు బిడ్డ రెండుమార్లు పాలకు లేవలేదని గుర్తున్నది. కాని నిన్నటివరకు నర్సులు విసుగుకొనిరి, ఇంతలోనే మరల పోయిన నవ్వుదురు. బాగానే ఉన్నాడులే యనుకొనెను. ఆమె కన్నులు మూతపడుచుండెను.

పైడమ్మ వచ్చి తల్లి చేసినట్లే తమ్ముని ముక్కుమీద వేలుంచి నొక్కెను. పొత్తిగుడ్డ విప్పి పొట్టమీద నొక్కెను. చిన్న పాదము బయటికి లాగి అరికాలిపై నొక్కి, వేలు తీసి, వంగి చూచెను. కామెర్లకు చెవులు పోయిన బిడ్డకు కన్నులే చెవులు. తల్లిని పిలువవలసినప్పుడు ఆమె గడ్డము పట్టి తనవైపు త్రిప్పుకొనుట దానికి అలవాటు. అట్లే త్రిప్పుకొని, ఆ పాదమును చూపి, పిమ్మట తన అవ్వ చేతిలోని పసుపుగిన్నెను చూపెను.

చిలకమ్మ చూచెను. అరికాలు వరకు పచ్చగా ఉండెను. ఆమె నిదుర ఎగిరిపోయెను. గుడ్డలు లెక్కపెట్టగా నిన్నటినుండి తడిసినవి మూడే.

ఆస్పత్రికి పోవలెనని ఆమె చెప్పగా, భద్రయ్య, మధ్యాహ్నము వరకు వర్జ్యమున్నదనియు, పురుడు వెళ్లక మరల గడప దాటుట ఎట్లనియు గొణిగి, తల్లివైపు చూచెను. గురవమ్మ గిన్నె దించి, గాబు దగ్గర చేతులు కడిగెను. ఎంత రుద్దినను గోళ్లలో పసుపు పోలేదు. ఆ చేతులతోనే మనుమని ఎత్తుకొనెను.

"మైల కడుక్కుంటే పోద్దిరా. అప్పుడు నేను చేసిందే, ఎంత కడిగినా పోలేదు. బండి తియ్యి."

వారు పోయిరి. ఈ మారు ఎవ్వరును నవ్వలేదు. వైద్యురాలు రక్తము తీయించి చూచి, సమయమునకు తెచ్చితిరని చెప్పి, బిడ్డ కన్నులకు గంతలు కట్టి నీలిదీపము క్రింద పండుకొనబెట్టించెను. రెండుదినములు చిలకమ్మ ఆ దీపముచెంతనే ఉండి, వేళకు లేపి పాలిచ్చెను. మూడవనాటికి పచ్చదనము దిగెను, బిడ్డ ఆకలికి గట్టిగా ఏడ్చెను. ఆ ఏడ్పు విని చిలకమ్మ నవ్వెను. ముసలి ఆయాకు చీర పెట్టవలెనని వెదకగా అట్టి మనిషి ఎవరికిని కనబడలేదు. ఆమె గౌరీదేవియే యని కొందరనిరి, బదిలీ అయి పోయినదని కొందరనిరి. ఎవరైనను చీర ఆమెదే యని చిలకమ్మ దానిని దాచియుంచెను.

ఇరువదియొకటవనాడు బియ్యపుపిండితో గౌరిని చేసి, వట్టినీళ్లతో ముఖము తుడిచి, తొలిసారి ఈ నోము పట్టిరి. పూజ కాగానే గురవమ్మ అటకపైనుండి ఇత్తడి బిందెను దింపించెను. రెండుచేతులతో ఎత్తి, ఒక క్షణము ఆగి, నాపరాళ్లపై విడిచెను. పొత్తిళ్లలోని బిడ్డ ఉలికిపడి, రెండుచేతులు చాచి, కెవ్వుమని ఏడ్చెను. గురవమ్మ అక్కడనే కూలబడి కొంగు నోటికడ్డము పెట్టుకొని విలపించెను. పైడమ్మ బిందెవైపు తిరుగలేదు. తమ్ముని చేతులు ఎగిరిపడుట చూచి మాత్రము కిలకిల నవ్వెను. గౌరి పోయినదానిని తిరిగి ఇయ్యలేదు, ఉన్నదానిని నిలిపెను. తల్లులకు అదియే చాలునని గాదు, అంతే దొరకినది.

కనుక, ఓ కుశధారా, ఈ నోమును బాలెంతలు పట్టవలెను. వారికి అలసట ఎక్కువ కనుక భర్తలు పట్టవలెను, తమకన్నియు తెలియుననుకొను అత్తగారలు తప్పక పట్టవలెను. పట్టినవారికి భయపడవలసిన వేళ కాళ్లాడును, భయపడనక్కరలేని వేళ కంటికి కునుకు వచ్చును. వారి బిడ్డలు నిండునూరేండ్లు వర్ధిల్లుదురు.

కథ ముగియగానే మొదటి అక్షతలు వినలేని బిడ్డ తలపై వేయవలెను. ఊరిలో అట్టి బిడ్డ ఉన్నచో పిలిచి ఎదుట కూర్చుండబెట్టుకొని, పెదవులు కనబడునట్లు ఈ కథను నెమ్మదిగా చెప్పవలెను. చిలకమ్మ పైడమ్మకు అట్లే చెప్పెను.