పదింతల మెట్లు

అనగనగా అనే మాట రాజులొక్కళ్ళకే రాసివ్వలేదు కాబట్టి, అనగనగా ఉత్పల. వయసు ముప్పై తొమ్మిది. భోజనం కాగానే వక్కపలుకు బుగ్గన పెట్టుకోవడం ఆమె అలవాటు.

ఆమె ఉన్న రాజ్యానికి రాజు విజయకేతుడు. ఆయన కొలువులో కంప్యూటరు కూడా ఉండేది. కథ కదా, ఉంటుంది. ఊళ్ళ లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లో వేసి, చార్టు గీసి, సభలో తెరమీద చూపించడం ఉత్పల ఉద్యోగం.

ఆ ఏడు రాజ్యంలో విషజ్వరం వచ్చింది. మందుల బండి ఒక్కటే ఉంది. చార్టులో ఏ ఊరి గీత ఎత్తుగా ఉంటే బండి ఆ ఊరికి. ఈ నియమం మంత్రి ధీమంతుడిది. ఆయన ఇల్లు రాజధానిలోనే.

రాజధాని గీత తెర పైఅంచున ఉంది. అక్కడ రోగులు తొమ్మిది వేలు. ఏడొందల మంది ఉండే చిన్న ఊరు నీలిగూడెం గీత నేలకు అతుక్కుపోయింది. అక్కడ మొదటి వారం ముగ్గురు, రెండో వారం తొమ్మిది మంది, మూడో వారం ఇరవై ఏడు మంది.

"చూశారుగా ప్రభూ, గూడెంలో ఏమీ లేదు," అన్నాడు మంత్రి.

"ఉంది. మనకే కనబడటం లేదు," అంటూ ఉత్పల మీట నొక్కింది.

రాజధాని గీత పైన బల్లపరుపుగా పడుకుంది. గూడెం గీత నిచ్చెన వేసినట్టు లేచింది.

రాజు సింహాసనం దిగి తెర దగ్గరికొచ్చాడు. "అంకెలు మార్చావా?"

"ఒక్కటీ మార్చలేదు ప్రభూ. గీతల పక్కనున్న అంకెల మెట్లు మార్చాను. ఇదివరకు మెట్టుకు వెయ్యిమంది. ఇప్పుడు ఒకటి, పది, వంద, వెయ్యి. ప్రతి మెట్టూ కిందిదానికి పదింతలు. దీన్ని లాగ్ స్కేలంటారు. ఎంతమంది ఉన్నారన్నదే కాదు, ఎంత వేగంగా ఇంతింతలవుతున్నారో ఇది చెబుతుంది."

మంత్రి నవ్వాడు. "ఏం అమ్మాయ్, ముగ్గులు పెట్టే చేతికి చార్టు ఇస్తే ఇంతే."

"ముగ్గు పెట్టే చేతికే తెలుసు మంత్రిగారూ, చుక్కల మధ్య దూరం చూడకుండా గీత లాగకూడదని. మీరు అది చూడకుండానే బండి తోలుతున్నారు."

"గూడెం గీతను ఇలాగే సాగనిస్తే?" రాజు అడిగాడు.

"ఇంకో మూడు వారాలకు అక్కడ జ్వరం లేని మనిషి ఉండడు. రాజధానిలో పెరగడం ఆగింది. ఉన్న వైద్యులు చాలు."

మంత్రి గొంతు మార్చాడు. "సరే, ఈ కొత్త చార్టే వీధుల్లో పెట్టిద్దాం. పక్క అంకెలు చెరిపెయ్. రాజధానిలో జ్వరం తొమ్మిది మెట్ల నుంచి నాలుగుకు దిగిందని జనం సంతోషిస్తారు."

"చెరపను. పాత చార్టు గూడేన్ని దాచింది. మెట్లు చెప్పకపోతే ఇది తొమ్మిది వేలమందిని దాస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టండి, అంకెలతో సహా."

రాజు రెండూ పెట్టించాడు. బండి ఆ పూటే నీలిగూడెం వెళ్ళింది. మందు అందాక అక్కడి గీత వంగి కిందికి దిగింది.

గీత ఎత్తు చూసి తీర్పు చెప్పేముందు, మెట్టు ఎంతో అడగాలి. మరుసటేడు మంత్రి పదవి ఖాళీ అయింది. ఉత్పల అడిగి తీసుకుంది.