విస్తరి మీద చెయ్యి

బస్సులో నా వెనక సీటావిడ "మా బుజ్జిగాడు జస్ట్ పాసండీ!" అంటూ నా చేతిలో చాక్లెట్ పెట్టినప్పుడు రేపటి పాఠం గురించి మొదటిసారి నాకు కంగారు పుట్టింది.

ఇవాళ పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. నా ఒళ్ళో చుట్టిపెట్టుకున్న చార్టు ఉంది. ఇంగ్లీషులో "జస్ట్" అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో, ఎక్కడెక్కడ వాడతారో దాని మీద గడులు గీసి రంగు స్కెచ్ పెన్నులతో రాశాను. ఇప్పుడే వచ్చా అనే జస్ట్, ఇంతే ఇంకేం లేదు అనే జస్ట్, అచ్చం అలాగే అనే జస్ట్, ఊరికే అడిగా అనే జస్ట్, న్యాయమైనది అనే జస్ట్, బొటాబొటిగా గట్టెక్కా అనే జస్ట్. ఆవిడ అన్నది ఆ బొటాబొటిదే. కానీ ఆవిడ మొహం చూస్తే కొడుకు స్టేట్ ఫస్ట్ వచ్చినట్టుంది. అంతలో పక్క సీటాయన చాక్లెట్ కాగితం విప్పుతూ "ఓహో, జస్ట్ పాసా?" అన్నాడు. అదే మాట. ఆవిడ మొహం టక్కున వాడిపోయింది. చార్టు తెరిచి చూసుకున్నాను. ఆ సంతోషానికీ గడి లేదు, ఆ వాడిపోవడానికీ గడి లేదు.

నా భయానికి కారణం ఉంది. రేపు పొద్దున్న పదింటికి ఒక ప్రైవేటు స్కూల్లో నా డెమో క్లాసు. పది పరీక్షలు రాసిన సమ్మర్ బ్యాచ్ పిల్లలకి "జస్ట్" గురించి చెప్పాలి. ఇంతకుముందు వేరే స్కూళ్ళలో డెమోలిచ్చాను. పాఠం బాగానే అప్పజెప్పేదాన్ని. ఏ పిల్లాడో నేను చదువుకోని ప్రశ్న అడగ్గానే నోరు పెగిలేది కాదు. ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే జూన్ నించి మా మావయ్య మెడికల్ షాపులో కూర్చోమన్నారు నాన్న. షాపు చెడ్డదని కాదు. నాకు పాఠం చెప్పడం ఇష్టం. పిల్లల ముందు నిలబడితే భయం. రెండూ నిజమే.

బస్సు దిగి నేరుగా పేరిందేవి మేడం ఇంటికి వెళ్ళాను. డిగ్రీలో మాకు ఇంగ్లీషు చెప్పారావిడ. ఇప్పుడు రిటైరయ్యి తునిలో ఉంటున్నారు. ఆవిడకో అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. మేడంని డౌటు అడగాలంటే చీపురు కూడా పట్టుకెళ్ళాలని మా బ్యాచ్‌లో జోకు.

నేను వెళ్ళేసరికి ఆవిడ పట్టుచీర కట్టుకుని ఎక్కడికో బయల్దేరుతున్నారు. గుమ్మంలోనే అడిగేశాను.

"మేడం, ఒక్క మాటకే ఇన్ని అర్థాలుంటే ఎదుటివాళ్ళు అన్నది ఏదో ఎలా తెలుస్తుంది? గుర్తుపట్టడానికి రూలేమైనా ఉందా?"

"భోంచేశావా మాధురీ?"

"లేదు మేడం."

"అయితే పద. మా తమ్ముడి గృహప్రవేశం. వడ్డించేవాళ్ళు తక్కువున్నారట."

కొత్త ఇంటి డాబా మీద షామియానా వేశారు. వాళ్ళింట్లో బఫేలు ఒప్పుకోరు. వరసగా విస్తళ్ళేసి బంతి భోజనాలే. నేను చెప్పులు విప్పీవిప్పకముందే మేడం నా చేతికి బూరెల బేసిన్ ఇచ్చారు. "మనిషికి రెండు. అడిగి అడిగి పెట్టు" అని, కుర్చీ లాక్కుని ఓ మూల కూర్చున్నారు.

బంతిలో మొదటి పెద్దాయన నన్ను చూడగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, చాలు చాలు" అన్నారు. సరేనండీ అని ముందుకెళ్ళాను. నాలుగడుగులు వేశానో లేదో వెనకనించి కేకేశారు.

"ఏమ్మాయ్! చెయ్యి అడ్డం పెడితే రైల్వే గేటనుకున్నావా? ఆగి చూడకుండా పోతావేంటి?"

బంతి బంతంతా నవ్వింది. "వడ్డన కొత్త అనుకుంటా పాపం" అందొకావిడ. నేను వెనక్కొచ్చి రెండు బూరెలు వేశాను. ఆయన చెయ్యి అప్పటికే పక్కకి తప్పుకుని ఉంది.

ఓహో, ఇదన్నమాట రూలు, చెయ్యి పెడితే మొహమాటం అనుకున్నాను. పక్క వరసలో ఒక పిన్నిగారు కూడా "వద్దమ్మా" అంటూ చెయ్యి పెట్టారు. ఇక నేనాగలేదు. "మొహమాటపడకండి పిన్నిగారూ" అంటూ వేళ్ళ సందులోంచి వేసేశాను. ఆవిడ గాభరాపడిపోయారు.

"అయ్యయ్యో! నాకు షుగరే తల్లీ! నోటితో చెప్తున్నా, చేత్తో చెప్తున్నా. ఇంకెలా చెప్పమంటావు, మైకులోనా?"

పక్కాయన ఆ బూరెలు తన విస్తట్లోకి లాక్కుని "అన్యాయం అయిపోకూడదు కదా" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నాకు మాత్రం మళ్ళీ భయమేసింది. నోరు పెగలని ఆ పాత భయమే. బేసిన్ అక్కడే పెట్టేసి వెళ్ళిపోదామా అనిపించింది. మేడం వైపు చూశాను. ఆవిడ ఎవరితోనో తాటిముంజల ధర మాట్లాడుతున్నారు.

వెళ్ళిపోడానికి లేదు. ఎదురుగా మనుషులు ఆకలితో ఉన్నారు. తర్వాతి విస్తరి దగ్గర ఆగాను. ఒక కొత్త కోడలు. చెయ్యి పెట్టింది కానీ వేళ్ళు విస్తరికి తగల్లేదు. చూపేమో ముందు బూరెల మీదికి, ఆ తర్వాత పక్కనున్న అత్తగారి మీదికి వెళ్ళింది. నేను అత్తగారితో "మీ కోడలు మరీ తక్కువ తింటోందండీ" అన్నాను. "పెట్టమ్మా పెట్టు, చూడు ఎలా ఉందో పుల్లలాగా" అందావిడ. కోడలు చెయ్యి తీసేసి తల దించుకుని నవ్వింది. ఆ పక్కన ఒకాయన చెయ్యి గట్టిగా పరిచి, వెళ్ళే తొందరలో మెట్ల వైపు చూస్తున్నాడు. నేను బూరె తియ్యకుండానే "పెరుగు ఇటు తీసుకురండీ!" అని అరిచాను. "బతికించావు తల్లీ" అన్నాడాయన. ఇంకో తాతగారు చెయ్యి పెట్టారు. నేనూ ఆగాను, ఆయనా ఆగారు. "ఒకటి" అన్నాను. "సగం" అన్నారు. సగమే పెట్టాను. కాసేపటికి "ఆ మిగతా సగం కూడా ఇటివ్వు, ఎవరికి పెడతావు" అన్నారు.

బేసిన్ ఖాళీ అయ్యేసరికి రేపు డెమో ఉందన్న సంగతే మర్చిపోయాను.

ఆఖరి బంతిలో వడ్డించినవాళ్ళందరం కూర్చున్నాం. పప్పు కలుపుకుంటూ "మేడం, నేనడిగిందానికి మీరింకా జవాబు చెప్పలేదు" అన్నాను.

మేడం తన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశారు. నేనూ ఆవిడ మొహం చూశాను. లేచి, వంటవాళ్ళ దగ్గర మిగిలిన బూరెల్లో ఒకటి తెచ్చి, చిల్లు పెట్టి నెయ్యి పోసి, ఆవిడ విస్తట్లో వేశాను. చెయ్యి అప్పటికే లేదక్కడ.

"ఏ రూలు ప్రకారం తెచ్చావు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. స్కూల్ కరస్పాండెంట్ గారు.

"అమ్మా, రేపు నేనే వెనక బెంచీలో కూర్చుంటాను. ఇరవై నిమిషాల్లో ఆ మాటకున్న అర్థాలన్నీ బోర్డు మీద పడాలి. ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను. పిల్లలతో కబుర్లొద్దు, సరేనా?"

సరేనండీ అన్నాను. ఫోన్ పెట్టేసి మేడంకి అంతా చెప్పాను. "ఇప్పుడేం చెయ్యను మేడం?"

ఆవిడ తీరిగ్గా బూరె తుంచుకుని, "రేపు నీ ముందు కూర్చునేదీ బంతేగా మాధురీ. ఆయనా అందులోనే కూర్చుంటాడు" అన్నారు. అంతే, ఇక పెరుగులోకి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చినప్పటినించీ ఆ మాట గురించే ఆలోచిస్తున్నాను. విచిత్రంగా భయం లేదు, ఆత్రంగా ఉంది. పొద్దున్న వెళ్ళగానే "మీలో జస్ట్ పాసయినవాళ్ళెవరు, ఆ మాట ఇంట్లో ఎవరెలా అన్నారు?" అని పిల్లల్ని అడగాలని ఉంది. అలా అడిగితే బోర్డు నిండదేమో, ఉద్యోగం పోతుందేమో. బోర్డు నింపితే ఉద్యోగం వస్తుందేమో కానీ ఆ బస్సులో ఆవిడ మొహం పిల్లలకి ఎప్పటికీ చెప్పలేను. మీలో ఎవరైనా పాఠం చెప్పినవాళ్ళుంటే, పోనీ బంతిలో వడ్డించినవాళ్ళున్నా సరే, చెప్పండి. రేపు ఆ గదిలోకి వెళ్ళాక మొదట నేనేం చెయ్యాలి?